ఇరవై ఒక్క తీగలు, పన్నెండు మెట్లు

చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి పైకి రండి. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఒక పాత ఇంటి డాబా మీద గది. ఆదివారం సాయంత్రం ఆరు. గుమ్మం పక్కన వెదురు బుట్టలో అప్పటికే ఎనిమిది ఫోన్లున్నాయి, మీదీ అందులో వెయ్యండి. ఇక్కడ నెలకొక ఆల్బమ్ వింటాం. మొదటి పాట నుంచి చివరిదాకా, మధ్యలో మాట లేకుండా. మాటలన్నీ తర్వాతే.

ఇవాళ వచ్చే నెలకు ఎంపిక. చాప మీద మూడు అట్టలు పరిచి ఉన్నాయి. ప్రతిదాంట్లోంచి ఒక్క పాట వింటాం, ఆపైన చీటీలు.

మొదటిది క్యూబా వాళ్ల 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్'. 1996 మార్చిలో హవానాలో ఆరు రోజుల్లో రికార్డు చేశారు. రావలసిన మాలి కళాకారులు రాలేకపోతే, ఊళ్లోని పాతకాలపు వాద్యకారుల్నీ గాయకుల్నీ పోగేశారు. వాళ్లలో ఇబ్రహీం ఫెర్రర్ అప్పటికి బూట్లు పాలిష్ చేసి బతుకుతున్నాడు. ఆ గొంతు వింటుంటే గదిలో అందరి తలలూ మెల్లగా ఊగుతున్నాయి.

రెండోది బల్గేరియా ఆడవాళ్ల బృందగానం. మార్సెల్ సెలియె అనే స్విట్జర్లాండ్ ఆయన 1975లో బయటికి తెచ్చింది. మృదంగం మాస్టారు కళ్లు మూసుకుని చెయ్యెత్తారు. పాట ఆగాక అన్నారు: "రెండు గొంతులు పక్కపక్క స్వరాల మీద నిలబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. మన దగ్గరైతే అపశ్రుతని ఆపేస్తాం. వాళ్లకదే అందం."

మూడో అట్ట తీసేసరికి వాన మొదలైంది. కిటికీ తలుపు దగ్గరికి లాగాం. 'ఇన్ ద హార్ట్ ఆఫ్ ద మూన్'. మాలి దేశం, బమాకో నగరం, నైజర్ నది ఒడ్డున ఒక హోటల్ గది, 2004. గిటార్ మీద అలీ ఫర్కా తూరే, కోరా మీద తుమానీ దియబాతే. రిహార్సల్ లేదు. కూర్చున్నారు, వాయించారు.

గిటార్ ఒక వరసను పట్టుకుని అక్కడక్కడే తిరుగుతోంది, బావి గిలకలా. దాని మీదుగా కోరా జల్లు. అట్ట వెనక బొమ్మ చూడండి: పెద్ద ఆనపకాయ బుర్రను సగానికి కోసి, ఆవు తోలు బిగించి, పొడుగాటి కర్ర దూర్చారు. ఇరవై ఒక్క తీగలు. ఒకప్పుడు తోలు తీగలు, ఇప్పుడు చేపల గాలానికి కట్టే నైలాన్ తాడు. రెండు బొటనవేళ్లూ రెండు చూపుడువేళ్లూ, అంతే. ఆ నాలుగు వేళ్లతోనే మంద్రమూ పాటా జల్లూ! నాకు ఇన్నేళ్లయినా నమ్మబుద్ధి కాదు.

పాట అయిపోయింది. సూరు నీళ్ల చప్పుడు.

"గిది మా కిన్నెర లెక్కనే ఉంది సార్," అంది మూల కూర్చున్న అమ్మాయి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతోంది. "గవే బుర్రలు. వెదురు కట్టె మీద తేనె మైనంతోని మెట్లు అతికిస్తరు. మా అమ్మమ్మోళ్ల ఊరికి ఒక తాత వస్తుండె. రాత్రంతా కథ చెప్తుండె."

పోలిక బుర్రల దగ్గరే ఆగదు. తుమానీ కుటుంబం పెద్దింటి వంశావళులు పాడి బతికిన కులం; తమ ఇంట్లో తాను డెబ్బై ఒకటో తరమని ఆయన చెప్పుకునేవాడు. కిన్నెర వాయించే మన డక్కలి వాళ్లూ అంతే, మాదిగ వాడకు వచ్చి జాంబపురాణం చెప్పి, వాళ్లు పెట్టింది తీసుకుని వెళ్లేవాళ్లు. ఒక జాతి జ్ఞాపకాన్ని ఒక బుర్ర వాయిద్యం మోయడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక పట్నంలో చాలామందికి ఆ వాయిద్యం పేరు తెలిసింది.

ఈ ఇంటి సార్ లేచి అల్మారా తెరిచారు. బ్యాంకులో రిటైరయ్యాక పింఛను డబ్బుతో కూడబెట్టిన రికార్డులు. 'వరల్డ్ మ్యూజిక్' అని చీటీ అతికించిన అర మీద వేలు నడిపిస్తున్నారు. ఆ పేరు 1987లో లండన్‌లో ఒక పబ్బులో రికార్డు కంపెనీల వాళ్లు కూర్చుని ఖాయం చేసింది, కొట్లలో ఏ అరలో పెట్టాలో తెలియని సరుకు కోసం. వేలు చివరిదాకా వెళ్లింది. సెనెగల్ ఉంది, పెరూ ఉంది, మంగోలియా ఉంది. కిన్నెర లేదు. ఆ ఖాళీ నాకు గట్టిగా తగిలింది. బమాకో సంగతి ఇంతసేపు చెప్పగలిగిన వాళ్లం, మూడు నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్నదాన్ని వినలేదు.

చీటీలు విప్పుతున్నాం. క్యూబాకు రెండు, బల్గేరియాకు ఒకటి, మాలికి ఐదు. తొమ్మిదో చీటీ మీద ఏ ఆల్బమ్ పేరూ లేదు, 'కిన్నెర' అని మాత్రం ఉంది. సార్ దాన్ని పక్కన పడెయ్యలేదు. మడత సాపు చేసి, మాలి అట్ట మీద పెట్టారు.

"ఆ తాత ఇప్పుడు ఎక్కడుంటాడమ్మా?"

అమ్మాయి అప్పటికే బుట్టలోంచి ఫోన్ తీసి డాబా మీదికి వెళ్లింది. వానలోంచి గొంతు వినబడుతోంది: "మామా, నేనే. గా కిన్నెర తాత ఇంకా వాయిస్తుండా?"