పిస్టల్ తూటాల పునర్నింపు, గురి విద్య

పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, అందులో దెబ్బ తగలగానే మందును అంటించే కొత్త ప్రైమర్, కొలిచిన మందు, గుండు పెట్టి మళ్లీ వాడకానికి తేవడమే పునర్నింపు. తుపాకీ వాడేవాళ్ల నోట అది రీలోడింగ్. అమెరికాలో ఇది ఇంటి వెనక షెడ్డులో సాగే వ్యాసంగం. పిస్టల్ గురి విద్య చరిత్రను సాధారణంగా పట్టు, నిలబడే తీరు, చూపు నిలిపే పద్ధతుల చరిత్రగానే రాస్తారు. అది సగం కథే. చెయ్యి కుదరాలంటే వేల తూటాలు కాల్చాలి, అన్ని తూటాలు కొనే స్తోమత కొద్దిమందికే ఉంటుంది. ఆ లోటును పూడ్చింది రీలోడింగ్ బల్ల.

ఈ పని సాధ్యమైంది 1866 తర్వాత. ఆ ఏడాదే అమెరికాలో హైరమ్ బెర్డాన్, ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ రెండు రకాల ప్రైమర్లకు పేటెంట్లు పొందారు. బాక్సర్ రకంలో గొట్టం అడుగున నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది కాబట్టి సన్నని సూదితో నెడితే పాత ప్రైమర్ ఊడివస్తుంది. బెర్డాన్ రకంలో పక్కపక్కన చిన్న రంధ్రాలుంటాయి, ఊడదీయడం తలనొప్పి. తమాషా ఏమిటంటే ఆంగ్లేయుడి ప్రైమర్ అమెరికాలోనూ, అమెరికన్ ప్రైమర్ యూరప్‌లోనూ స్థిరపడ్డాయి. రీలోడింగ్ అమెరికాలో అంతగా పాతుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

1884లో కనెక్టికట్‌లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ మన అడకత్తెరను పోలిన చేతి పనిముట్టునూ, సీసం కరిగించి పోసుకునే గుండు అచ్చులనూ అమ్మింది. 1925లో ఐడియల్ సరుకు లైమన్ కంపెనీ చేతికి వెళ్లింది. పొగరాని మందు వచ్చాక కొలత విషయంలో జాగ్రత్త పెరిగింది. పాత నల్ల తుపాకీమందును ఇత్తడి గొట్టం నిండా పోసేవారు. కొత్త మందు అడుగున చిటికెడు చాలు. పొరపాటున రెండుసార్లు పడితే కంటికి ఆనదు గానీ తుపాకీ పగులుతుంది. అసలు మందే పడకపోతే ప్రైమర్ ఒక్కటే గుండును తుపాకీ గొట్టంలోకి నెట్టి ఆపేస్తుంది. అది గమనించక రెండో తూటా కాల్చినా ప్రమాదమే.

పిస్టల్ కాల్చేవాడికి పెద్ద శత్రువు ఉలికిపాటు. మోతకూ, వెనక్కి తన్నే దెబ్బకూ భయపడి, ట్రిగ్గర్ కదిలే క్షణానికి ముందే చెయ్యి గుంజుకుపోతుంది. శిక్షకులు అసలు తూటాల మధ్య ఉత్తుత్తివి కలిపి పెట్టి ఈ దోషాన్ని బయటపెడతారు. పేలని తూటా దగ్గర కూడా పిస్టల్ గొట్టం కొన కిందికి ఊగితే దొంగ దొరికినట్టే. మందు తగ్గించిన తేలికపాటి తూటాలతో ఈ భయాన్ని మెల్లగా వదిలించుకోవచ్చు. కాగితంలో గుండ్రటి శుభ్రమైన రంధ్రం కొట్టే చదును ముక్కు గుండు, కాస్తంత మందు: .38 స్పెషల్ రివాల్వర్‌తో గురిపోటీలకు వెళ్లేవాళ్లకు ఇదే అలవాటైన జోడీ.

దీనికి ఎదురు దారిలో నడిచినవాడు ఐడహో రాష్ట్రపు పశువుల కాపరి, రచయిత ఎల్మర్ కీత్. బరువైన గుండ్లు, దిట్టంగా మందు ఆయన పద్ధతి. ఒక .45 రివాల్వర్ పగిలిన తర్వాత .44 స్పెషల్ వైపు మళ్లాడు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్, 1955లో వచ్చిన .44 మాగ్నమ్ వెనక ఇలాంటి సొంత ప్రయోగాలున్నాయి. కంపెనీలకు దారి చూపింది ఔత్సాహికులే అనడం అతిశయోక్తి కాదు.

నిలబడే తీరులో పెద్ద మలుపు కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో వచ్చింది. అక్కడ మాజీ మెరైన్ జెఫ్ కూపర్ 1950ల చివర్లో పోటీలు పెట్టాడు. అందరూ నడుము దగ్గర నుంచి ఒంటిచేత్తో కాలుస్తుంటే, షెరీఫ్ శాఖ ఉద్యోగి జాక్ వీవర్ రెండు చేతులతో పిస్టల్‌ను కంటి ఎత్తుకు తెచ్చాడు. ఒక చెయ్యి నెడుతుంది, రెండోది లాగుతుంది. గెలుపు అతనిదే అయింది. కూపర్ దీన్ని సిద్ధాంతంగా మలిచి, 1976లో ఆరిజోనాలో శిక్షణ కేంద్రం తెరిచాడు. అదే ఏడాది మిస్సోరిలోని కొలంబియాలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య పుట్టింది, దాని తొలి అధ్యక్షుడూ కూపరే.

ఆ పోటీల నియమమే రీలోడింగ్‌ను ఆటలో భాగం చేసింది. గుండు బరువును వేగంతో హెచ్చవేసి లెక్కకట్టే పవర్ ఫ్యాక్టర్ ఒక హద్దు దాటితే అంచున తగిలిన దెబ్బలకు ఎక్కువ మార్కులు. 1980ల తొలినాళ్లలో పోటీదారులు రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ .45ను వదిలి .38 సూపర్‌ను ఆ హద్దుకు చేర్చారు. దాని నుంచి ఎక్కువగా వెలువడే వాయువు గొట్టం కొనకు అమర్చిన కాంపెన్సేటర్‌ను పనిచేయించి కుదుపు తగ్గిస్తుంది. వీవర్ భంగిమను కూడా వాళ్లు వదిలేశారు. రెండు చేతులూ సమంగా చాచి, ఛాతీ ఎదురుగా పెట్టి నిలబడే ఐసోసిలీస్ తీరు ఇప్పుడు ఈ పోటీల్లో సర్వసాధారణం. సాధనకు కావలసినన్ని తూటాలను మైక్ డిల్లన్ తయారుచేసిన రీలోడింగ్ యంత్రాలు సమకూర్చాయి: మీట ఒకసారి లాగితే ఒక తూటా తయారు.

ఒలింపిక్ శాఖ వేరే దారి పట్టింది. అక్కడ నేటికీ ఒంటిచేతి పట్టే నియమం. 1938లో గ్రెనేడు పేలి కుడిచెయ్యి పోగొట్టుకున్న హంగరీ సైనికుడు కరోలీ టకాచ్ ఎడమచేత్తో సాధన చేసి 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ స్వర్ణాలు గెలిచాడు. 1988 నుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కూడా ఒలింపిక్ అంశమైంది. అందులో మందే ఉండదు.

భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి, కాబట్టి రీలోడింగ్ ఇక్కడ ఇంటి వ్యాసంగంగా ఎదగలేదు. మన పిస్టల్ క్రీడాకారులు ఎయిర్ పిస్టల్ మీదా, .22 మీదా పెరిగారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ జట్టు పోటీలో వచ్చింది. ఆ పోటీలో కాల్చేది .22 తూటా. ప్రైమర్ మిశ్రమం దాని అంచులోనే నింపి ఉంటుంది కనుక ఒకసారి పేలితే దాన్ని మళ్లీ నింపే వీలు ఉండదు.