కాపరి కాస్తా కావలివాడైతే

(ఆదివారం సాయంత్రం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పోయిన నెల ఒక తల్లి నాకు ఫోన్ చేశారు. ఊరూ పేరూ చెప్పను. వాళ్ళబ్బాయి యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఒక ప్రార్థన బృందంలో కలిశాడట. మూడేళ్ళ తర్వాత బయటికొచ్చేశాడు. ఇప్పుడు ఏ చర్చికీ రానంటున్నాడు, బైబిలు తెరిస్తే చేతులు వణుకుతున్నాయంటున్నాడు. "వాడు దేవుణ్ణి వదిలేశాడండీ, సంఘంలో తలెత్తుకోలేకపోతున్నాం" అని ఆవిడ బాధ. నేను పాస్టరునీ కాను, డాక్టరునీ కాను. చరిత్ర చదువుకున్నవాణ్ణి, అంతే. ఆ రోజు ఆవిడకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెబుదామని వచ్చాను.

కథ 1970ల ఫ్లారిడాలో మొదలవుతుంది. అమెరికాలో అప్పుడు కుర్రకారు గుంపులు గుంపులుగా కొత్త చర్చిల్లో చేరుతున్న కాలం. వాళ్ళను చక్కదిద్దే పెద్దదిక్కు లేదని ఐదుగురు బోధకులకు అనిపించింది. బాబ్ మమ్‌ఫర్డ్, డెరెక్ ప్రిన్స్, డాన్ బాషమ్, చార్లెస్ సింప్సన్, ఎర్న్ బాక్స్‌టర్. ఫోర్ట్ లాడర్‌డేల్ కేంద్రంగా వీళ్ళు చెప్పింది వినడానికి బాగానే ఉంటుంది: ప్రతి విశ్వాసికీ ఒక కాపరి ఉండాలి, ఆ కాపరికి లోబడి ఉండాలి. అందుకే దానికి షెపర్డింగ్ ఉద్యమమని పేరొచ్చింది.

అయితే ఆచరణలో ఏమైంది? ఉద్యోగం మారాలన్నా, ఇల్లు కొనాలన్నా, పెళ్ళి చేసుకోవాలన్నా కాపరిని అడగాల్సిన పరిస్థితి చాలాచోట్ల వచ్చింది. మన ఊళ్ళలో పెద్దలను అడగడం లేదా అని మీరనొచ్చు. అడుగుతాం. కానీ మేనమామ మాట కాదంటే ఆయన నాలుగు రోజులు అలుగుతాడు. ఇక్కడ కాపరి మాట కాదంటే దేవుడి మాట కాదన్నట్టే. తేడా అక్కడుంది.

1975లో టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్ ఈ పద్ధతిని బహిరంగంగా ఖండించారు. చాలా గొడవ జరిగింది. 1983లో డెరెక్ ప్రిన్స్ తప్పుకున్నారు. 1986కల్లా మిగిలినవాళ్ళూ విడిపోయారు. 1989లో బాబ్ మమ్‌ఫర్డ్ తమవల్ల జనానికి గాయాలయ్యాయని ఒప్పుకొని బహిరంగంగా క్షమాపణ అడిగారు. పెద్ద బోధకుడు అలా అడగడం అరుదు. ఆయనకు ఆ మర్యాద ఇవ్వాలి.

ఇక రెండో కథకు వద్దాం. ఆ తల్లి ఫోను విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే, ఎందుకంటే ఇది కాలేజీ పిల్లల కథ.

అదే ఫ్లారిడాలో, గెయిన్స్‌విల్‌లో, యూనివర్సిటీ పక్కనే క్రాస్‌రోడ్స్ అనే చర్చి ఉండేది. చక్ లూకస్ అనే ఆయన అక్కడ విద్యార్థుల మధ్య పరిచర్య చేసేవారు. కొత్తగా చేరినవాడికి ఒక సీనియర్ తోడుండేవాడు. 1972లో అక్కడ బాప్తిస్మం తీసుకున్న విద్యార్థి కిప్ మెకీన్. ఆయన 1979లో బోస్టన్ దగ్గర లెక్సింగ్టన్‌లో అప్పటికే ఉన్న, 30 మంది ఉన్న ఒక చిన్న సంఘం నాయకత్వం చేపట్టారు. అదే తర్వాత బోస్టన్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అయింది, ఆ తర్వాత దేశదేశాలకు పాకి ఇంటర్నేషనల్ చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ అయింది.

అందులో ప్రతి సభ్యుడికీ పైన ఒక శిష్యగురువు ఉండేవాడు, ఆ గురువుకు ఇంకొకరు, అలా నిచ్చెన పైదాకా. మన పాపాలు ఆ పైవాడికి ఒప్పుకోవాలి. ఎవరితో స్నేహం చేయాలి, ఎవరితో బయటికెళ్ళాలి, వారంలో ఎంతమందిని చర్చికి పిలిచావు, కానుక ఎంత వేశావు, అన్నిటికీ లెక్క. ఊరు కాని ఊళ్ళో దిగిన కుర్రాడికి మొదట్లో ఇది వరంలాగే ఉంటుంది. అన్నం పెడతారు, కారులో దింపుతారు, పుట్టినరోజు గుర్తుపెట్టుకుంటారు. మనవాళ్ళు కూడా మొదటి సెమిస్టర్‌లో ఎంత ఒంటరిగా ఉంటారో మీకు తెలియనిది కాదు. అందులో చేరినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మంచి మనసుతోనే చేరారు.

1987లో బోస్టన్ యూనివర్సిటీ ఆ బృందం తన క్యాంపస్‌లో పనిచేయకూడదని నిషేధించింది. 2000 నాటికి కనీసం 39 విద్యాసంస్థలు ఆ పని చేశాయని ఒక ప్రముఖ అమెరికన్ వారపత్రిక రాసింది.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఫ్లావిల్ యీక్లీ అనే పరిశోధకుడు, ఆ చర్చి పెద్దల అనుమతితోనే, 900 మందికి పైగా బోస్టన్ సభ్యులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టారు. అవే ప్రశ్నలకు మూడుసార్లు జవాబు రాయమన్నారు: చర్చిలో చేరకముందు మీరెలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు, ఐదేళ్ళ తర్వాత ఎలా ఉంటారు అని. చేరకముందు జవాబులు రకరకాలుగా ఉన్నాయి. ఇప్పటి జవాబులు, రాబోయే కాలపు జవాబులు మాత్రం ఒకే మూస వైపు జరుగుతూ వచ్చాయి. మామూలు చర్చిల్లో అదే పరీక్ష పెడితే అలా రాలేదు. 1988లో ఆయన దాన్ని పుస్తకంగా తెచ్చారు. నెమ్మదస్తుడు వాగుడుకాయగా నటించాల్సి వస్తే, ఆలోచించేవాడు ఆలోచన మానేయాల్సి వస్తే, లోపలి మనిషి ఏమవుతాడు? యీక్లీ భయం అదే.

ఇలాంటి అనుభవానికి సరైన పేరు కూడా జనం నోళ్ళలో లేదు అప్పటికి. 1991లో డేవిడ్ జాన్సన్, జెఫ్ వాన్‌వాండరెన్ అనే ఇద్దరు క్రైస్తవ రచయితలు రాసిన పుస్తకంతో స్పిరిచువల్ అబ్యూజ్ అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు రోనాల్డ్ ఎన్‌రాత్ అనే సోషియాలజీ ప్రొఫెసర్, హింసించే చర్చిల మీదే ఒక పుస్తకం రాశారు. మన భాషలో నేను ఆత్మీయ హింస అంటాను. ఆత్మీయులంటే మనవాళ్ళని కూడా అర్థం కదా. పరాయివాడు కొడితే ఒంటికి తగులుతుంది, మనవాడనుకున్నవాడు దేవుడి పేరుతో కొడితే ఎక్కడ తగిలిందో చెప్పుకోవడానికి కూడా నోరు రాదు.

మరి బోస్టన్‌లో మొదలైన ఆ నిచ్చెన ఏమైంది? 2002 నవంబరులో కిప్ మెకీన్ తన అహంకారాన్ని ఒప్పుకొని నాయకత్వం నుంచి దిగిపోయారు. 2003 ఫిబ్రవరిలో లండన్ సంఘ నాయకుల్లో ఒకరైన హెన్రీ క్రీట్ తోటి నాయకులకు పొడుగాటి ఉత్తరం రాశారు. అధికారపు నిచ్చెన, అంకెల పిచ్చి, అహంకారం, డబ్బు మోజు, ఈ నాలుగూ మనల్ని పాడుచేశాయని అందులో సారాంశం. అది ఇంటర్నెట్‌లో పడి రోజుల్లో ప్రపంచమంతా తిరిగింది. ఊరూరా సభ్యులు లేచి నిలబడి నాయకులను నిలదీశారు. ఎన్నోచోట్ల నాయకులు క్షమాపణ చెప్పారు, పదవులు వదిలారు, వేలమంది వెళ్ళిపోయారు. మిగిలిన సంఘాలు ఎవరి పాలన వారు చూసుకునేలా మారాయి. మెకీన్ మాత్రం తర్వాత కొన్నేళ్ళకు వేరే కుంపటి పెట్టుకున్నారు. అంటే ఈ కథకు శుభం కార్డు పడలేదన్నమాట.

బయటికొచ్చినవాళ్ళ సంగతేమిటి? ఒహాయోలో ఆల్బనీ అనే చిన్న ఊళ్ళో 1986లో పాల్ మార్టిన్ అనే సైకాలజిస్టు వెల్‌స్ప్రింగ్ అనే ఆశ్రయం మొదలుపెట్టారు. ఆయనే ఒకప్పుడు ఇలాంటి బృందంలో కొన్నేళ్ళుండి వచ్చినవారు. అక్కడికెళ్ళినవాళ్ళు సుమారు రెండు వారాలుండేవారు. తమ కథ మొదటినుంచీ చెప్పుకునేవారు. మనసును లొంగదీసే పద్ధతులు ఎలా పనిచేస్తాయో పాఠంలా నేర్చుకునేవారు. దానికి ఆధారం రాబర్ట్ లిఫ్టన్ అనే మానసిక వైద్యుడి 1961 నాటి పుస్తకం. చైనా జైళ్ళలో బుద్ధి మార్పిడికి గురైనవాళ్ళను పరిశీలించి ఆయన ఎనిమిది లక్షణాలు రాశారు. అందులో ఎడతెగని ఒప్పుకోలు ఒకటి. తమకు జరిగింది కాగితం మీద కనబడేసరికి చాలామందికి, తప్పంతా నాదే కాదన్నమాట అని మొదటిసారి ఊపిరాడేది.

గమనించండి, మార్టిన్, ఎన్‌రాత్, జాన్సన్, యీక్లీ అందరూ విశ్వాసులే. చర్చిని కూలగొట్టడానికి రాయలేదు. కంచే చేను మేస్తుంటే కేకేసినవాళ్ళు. బయటపడినవాళ్ళలో కొందరు మరో చర్చిలో చేరారు, కొందరు ఎప్పటికీ చేరలేదు. రెండు దారుల్లోనూ కోలుకున్నవాళ్ళున్నారు. ఈ జబ్బు ఒక్క చర్చికే పరిమితం కూడా కాదు. ప్రశ్న అడిగితే పాపమనే చోట, వెళ్ళిపోయినవాడితో మాట్లాడొద్దనే చోట, అది ఆశ్రమమైనా, ప్రార్థన కూటమైనా జాగ్రత్తపడాల్సిందే.

ఇక ఆ అమ్మకు నా జవాబు. అమ్మా, మీ అబ్బాయి దేవుణ్ణి వదిలాడో లేదో మీకూ నాకూ తెలియదు. వాడు వదిలింది ఒక నిచ్చెనను. ఆ మూడేళ్ళూ వాడి ప్రతి అడుగుకీ ఎవరో లెక్క అడిగారు. ఇప్పుడు ఇంటికొచ్చాక మీరూ ఆదివారం ఆదివారం లెక్క అడిగితే, వాడికి ఇల్లు కూడా అదే చోటవుతుంది. అడగకండి. వాడు చెబితే వినండి, మధ్యలో వాక్యం చెప్పకండి. నిద్ర పట్టకపోతే, చేతుల వణుకు తగ్గకపోతే మంచి కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్ళండి, అందులో నామోషీ ఏమీ లేదు. నలుగురూ ఏమనుకుంటారన్నది తర్వాత చూసుకోవచ్చు. బాబ్ మమ్‌ఫర్డ్ అంతటివాడే నలుగురి ముందు తప్పొప్పుకున్నాడు. మనం మన పిల్లాడి ముందు, నీ బాధ మాకు అర్థం కాలేదు నాన్నా అని ఒక్క మాట అనలేమా?

సెలవు. వచ్చే ఆదివారం మళ్ళీ కలుద్దాం.