పళ్ళ వరస, దవడల పొందిక: క్లిప్పు వేయించే ముందు మన ఇళ్ళలో తెలుసుకోవలసిన సంగతులు

వేలూరు, గుడియాత్తం ప్రాంతపు తెలుగు కుటుంబాల వారు సంఘం పని మీద వచ్చినప్పుడు, వచ్చిన పని అయిపోయాక లేవబోతూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పాపకు ముందుపళ్ళు ఎత్తుగా వస్తున్నాయండీ, క్లిప్పు వేయించాలా, వద్దా? ఇప్పుడేనా, పెద్దయ్యాకనా?" మేము వైద్యులం కాము. ఆఫీసులో ఫైళ్ళు చూసి రిటైరైన వాళ్ళం. అయితే మా ఇంట్లోనే ఈ విషయంలో ఒక తప్పు జరిగింది, దాని తర్వాత పళ్ళ డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి చాలా ఉన్నాయి. అవన్నీ ఒకచోట ఉంటే పది కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాం. ఇంట్లో పిల్లలు తమిళ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి తెలుగు అక్షరాలు రాకపోతే, పెద్దలు చదివి వినిపించండి.

ముందు మా ఇంటి సంగతి. మా మనవడికి ఏడేళ్ళప్పుడు కింది దవడలో ఒక పాలపన్ను పుచ్చి రాత్రంతా ఏడ్చాడు. పొద్దున్నే ఒక క్లినిక్కుకు తీసుకుపోతే పీకేశారు. నొప్పి పోయింది, మేమూ సంతోషపడ్డాం. "పాలపన్నే కదా, ఎలాగూ ఊడేదే" అని వాళ్ళూ అన్నారు, మేమూ అనుకున్నాం. ఆ ఖాళీని కాపాడాలని ఎవరూ చెప్పలేదు. వాడికి పదకొండేళ్ళు వచ్చేసరికి వెనకనున్న పెద్ద దవడపన్ను ముందుకు జరిగి ఆ చోటును ఆక్రమించింది. కొత్తగా రావలసిన పన్నుకు దారి లేక చిగురు లోపలే ఇరుక్కుంది. తర్వాత రెండేళ్ళు క్లిప్పు, నెలనెలా ప్రయాణం, దానికి తగ్గ ఖర్చు. అప్పట్లో చిన్న తీగ చట్రం ఒకటి పెట్టించి ఉంటే ఇదంతా చాలావరకు తప్పేది.

పాలపళ్ళు ఇరవై. ఆరు నెలలప్పుడు మొదలై రెండున్నర, మూడేళ్ళకు పూర్తవుతాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మన పెద్దవాళ్ళు భయపడతారు గానీ, అందులో వైద్యపరంగా ఏమీ లేదు. పాలపళ్ళ మధ్య సందులుంటే కొందరు తల్లులు దిగులు పడతారు. నిజానికి అది మంచి గుర్తు. తర్వాత వచ్చే పళ్ళు వెడల్పుగా ఉంటాయి, వాటికి చోటు కావాలి. సందు లేకుండా ముత్యాల్లా పేర్చినట్టున్న పాలపళ్ళ పిల్లలకే తర్వాత పళ్ళు ఇరుకయ్యే అవకాశం ఎక్కువ.

ఆరేళ్ళకు వచ్చే దవడపన్ను గురించి ప్రతి ఇంట్లో తెలియాలి. చివరి పాలపన్ను వెనక, ఏ పన్నూ ఊడకుండానే, నాలుగు వైపులా ఒక్కొక్కటి వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటాం, పుచ్చినా పట్టించుకోం. అది శాశ్వతమైన పన్ను, పోతే మళ్ళీ రాదు. పైగా దవడల పొందికను డాక్టర్లు కొలిచేది ఆ పన్నును చూసే. ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా దంతవైద్యుడు 1899లో ఈ పన్ను ఆధారంగానే వరస తప్పిన పళ్ళను మూడు తరగతులుగా విడదీశాడు. ఇప్పటికీ డాక్టరు చీటీలో క్లాస్ వన్, క్లాస్ టూ, క్లాస్ త్రీ అని కనబడేది ఆ లెక్కే.

నోరు మూసినప్పుడు పై ముందుపళ్ళు కింది పళ్ళకు రెండు మూడు మిల్లీమీటర్లు బయటగా ఉండి, కింది పళ్ళను సుమారు మూడో వంతు కప్పాలి. ఇది సరైన పొందిక. దవడపళ్ళు సరిగ్గా కలుస్తూ ముందుపళ్ళు మాత్రం వంకరగానో ఇరుకుగానో ఉంటే మొదటి తరగతి. ఎక్కువమందిలో కనబడేది ఇదే. పై పళ్ళు ముందుకొచ్చి, లేదా కింది దవడ వెనకబడి ఉంటే రెండోది. మనం ఎత్తుపళ్ళు అనేవి చాలావరకు దీనిలోకే వస్తాయి. కింది దవడ ముందుకొచ్చి కింది పళ్ళు పై పళ్ళకు బయటగా కూర్చుంటే మూడోది. ఇవి కాక, ముందుపళ్ళు అసలు కలవకుండా మధ్యలో సందు మిగలడం, పై పళ్ళు కింది పళ్ళను పూర్తిగా మూసేయడం, ఒక వైపు పై దవడపళ్ళు లోపలికి పడిపోవడం వంటివీ ఉంటాయి. ఆ చివరిదాన్ని చిన్నప్పుడే సరిచేయాలి. బిడ్డ కొరకడానికి వీలుగా దవడను పక్కకు జరిపి మూసే అలవాటు చేసుకుంటుంది, అలాగే పెరిగితే ముఖమే ఒక పక్కకు వాలవచ్చు.

పన్ను మీద పన్ను అదృష్టమని, తమిళంలో తెత్తుపల్ అని ముద్దుగా చెప్పుకుంటారు. అందానికి మేము అడ్డు చెప్పం. కానీ ఆ మూలలో బ్రష్షు పోదు, అన్నం మెతుకు నిలుస్తుంది, చిగురు వాస్తుంది. బాగా ఎత్తుగా ఉన్న ముందుపళ్ళతో ఇంకో ప్రమాదం ఉంది. పిల్లలు ఆటల్లో పడితే ముందు విరిగేది అవే. ఒకవేళ శాశ్వతమైన పన్ను పూర్తిగా ఊడి కింద పడితే వేరును ముట్టకుండా పైభాగాన్ని పట్టుకుని, గిన్నెలో పాలు పోసి అందులో వేసి, అరగంట, గంటలోపు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. తిరిగి అతికించే అవకాశం ఉంటుంది. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. అది మన అలవాటు ప్రకారం పేడలో పెట్టి కప్పు మీదికి విసరడానికే.

ఈ వంకర ఎందుకొస్తుందంటే, చాలావరకు వంశం నుంచే. తండ్రి దవడ, తల్లి పళ్ళు అన్నట్టు వస్తాయి. దానికి మనం చేయగలిగింది లేదు. చేయగలిగింది అలవాట్ల దగ్గర ఉంది. బొటనవేలు చీకడం మూడు నాలుగేళ్ళలోపు ఆగిపోతే పళ్ళు చాలావరకు తమంతట తామే సర్దుకుంటాయి. ఆరేళ్ళకు కొత్త ముందుపళ్ళు వచ్చే వేళకు కూడా చీకుతుంటే పై పళ్ళు ముందుకు, కింది పళ్ళు లోపలికి పోతాయి. వేలికి వేపాకు పసరు రాయడం, కొట్టడం వల్ల లాభం తక్కువ. బిడ్డను మెల్లగా మళ్ళించాలి, కాకపోతే నోట్లో పెట్టే చిన్న అడ్డుతీగ ఉంది. ఎప్పుడూ నోరు తెరిచి ఊపిరి పీల్చే పిల్లలను, రాత్రి గురక పెట్టే పిల్లలను ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ముక్కు వెనక కండ పెరిగి ఉంటే దాన్ని చూడకుండా పళ్ళకు క్లిప్పు వేసి లాభం లేదు.

గుడియాత్తంలో మగ్గాల ఇళ్ళు, కుట్టుమిషన్ల ఇళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఒక మాట. ఏళ్ళ తరబడి నూలు, దారం పళ్ళతో కొరికితే ముందుపళ్ళ అంచు మీద చిన్న గాడి పడుతుంది. వరస చెడకపోయినా పన్ను అరిగిపోతుంది. కత్తెర పక్కనే పెట్టుకోండి.

ఎప్పుడు చూపించాలి? ఏడేళ్ళప్పుడు ఒకసారి. ఏడేళ్ళకే క్లిప్పు వేస్తారని కాదు. ఎక్కువమంది పిల్లలకు "ఇంకా ఆగండి" అనే చెబుతారు. ఆరు, ఏడేళ్ళప్పుడు కింది ముందుపళ్ళు పాలపళ్ళ వెనక రెండో వరసలా వస్తే భయపడనక్కర్లేదు. పాలపన్ను కదులుతుంటే అదే ఊడుతుంది, నాలుక కొత్త పన్నును ముందుకు నెడుతుంది. కొన్ని నెలలైనా కదలకపోతేనే తీయించాలి. అలాగే ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య పై ముందుపళ్ళు విడిపోయి విసనకర్రలా కనబడతాయి. కోరపళ్ళు పైనుంచి దిగుతూ వాటి వేళ్ళను నొక్కడం వల్ల అలా అవుతుంది. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగితే ఆ సందు చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. ఈ వయసులోనే తొందరపడి ఖర్చు పెట్టేవాళ్ళను చూశాం.

ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. పాలపన్ను ముందే పోతే చోటు కాపాడే తీగ వెంటనే పెట్టించాలి. రెండో పాల దవడపన్ను పది, పన్నెండేళ్ళ దాకా ఉండవలసినది. ఆరేళ్ళకో ఏడేళ్ళకో పోతే ఆ చోటు నాలుగైదేళ్ళు ఖాళీగా ఉండదు. కింది దవడ ముందుకొచ్చే లక్షణం కనబడితే పై దవడను ముందుకు లాగే ముఖపు పట్టీని సుమారు పదేళ్ళలోపు వాడితేనే ఫలితం బాగుంటుంది. కింది దవడ వెనకబడిన పిల్లలకు ట్విన్ బ్లాక్ వంటి తీసిపెట్టే పరికరాలు ఎదిగే వయసులోనే పనిచేస్తాయి. ఆడపిల్లలకు ఆ ఎదుగుదల పది, పన్నెండేళ్ళప్పుడు, మగపిల్లలకు ఇంచుమించు రెండేళ్ళు ఆలస్యంగా వస్తుంది. ఆ కాలం దాటితే క్లిప్పుతో పళ్ళను సర్దగలరు గానీ దవడను పెంచలేరు. ఎదుగుదల ఆగాక ఎముక తేడా ఎక్కువగా ఉంటే మిగిలింది శస్త్రచికిత్సే.

పళ్ళకు అతికించే మామూలు క్లిప్పు ఎక్కువమందికి పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వేస్తారు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. తీగ పన్నును మెల్లగా నొక్కితే, నొక్కిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పేరుకుంటుంది, అలా పన్ను జరుగుతుంది. ఎముక పేరుకోవడానికి దాని టైము దానికి కావాలి, గట్టిగా బిగిస్తే త్వరగా అవదు. చోటు చాలకపోతే ఆరోగ్యంగా ఉన్న చిన్న దవడపళ్ళు రెండో నాలుగో తీయాలని డాక్టరు అనవచ్చు. అందరికీ అవసరం ఉండదు. అవసరమైన చోట తీయడం తప్పూ కాదు. ఎందుకు తీస్తున్నారో ఎక్స్‌రే చూపించి చెప్పమనండి. సందేహముంటే ఇంకో డాక్టరును అడగండి, ఎవరూ కోప్పడరు.

బిగించిన రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. ఇడ్లీ, పెరుగన్నం, పప్పన్నంతో గడుపుకోవచ్చు. చెరకు, మురుకులు, చిక్కీ, మాంసంలో ఎముకలు, ఐసుగడ్డలు కొరికితే క్లిప్పు ఊడుతుంది, మళ్ళీ ప్రయాణం. ఆంబూరు బిరియానీ మానమని చెప్పం, ఎముక మాత్రం కొరకొద్దు. ఆర్కాడు మక్కన్ పేడా మెత్తగానే ఉంటుంది గానీ ఆ పాకం తీగల మధ్య పట్టుకుంటుంది, తిన్నాక పళ్ళు తోముకోవాలి. క్లిప్పు కాలంలో సరిగ్గా తోమకపోతే, తీసిన రోజు పళ్ళు వరసగానే ఉంటాయి, వాటి మీద తెల్లమచ్చలు మిగులుతాయి.

క్లిప్పు తీశాక రిటైనర్ అనే తీగనో పలుచని తొడుగునో ఇస్తారు. మనవాళ్ళు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. రెండేళ్ళు ఓపికపట్టి, తర్వాత దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతారు. పళ్ళు పాత చోటికి పోవాలనే చూస్తాయి. మొదట చెప్పినన్ని నెలలు రోజంతా, తర్వాత రాత్రిపూట వాడుతూనే ఉండాలి. ఎన్నేళ్ళంటే, వరస నిలవాలనుకున్నన్నేళ్ళు. జ్ఞానదంతాలు నెట్టడం వల్లే ముందుపళ్ళు మళ్ళీ వంకర పోతాయనే మాటకు పరిశోధనల్లో బలం లేదు, ఆ భయంతో వాటిని తీయించుకోనక్కర్లేదు.

పెద్దవాళ్ళకు వయసు అడ్డం కాదు. నలభై దాటినవారు కూడా వేయించుకుంటున్నారు. అయితే ముందు చిగుళ్ళు బాగుండాలి. ఇంతకాలం దగ్గరగా ఉన్న ముందుపళ్ళు నలభైల్లో కొత్తగా విడిపోతుంటే అది చిగుళ్ళ జబ్బుకు గుర్తు కావచ్చు, అప్పుడు కావలసింది ముందు చిగుళ్ళ వైద్యం. షుగరు అదుపులో లేనివారికి, పొగాకు మాననివారికి ఫలితం బాగుండదు. ఎముకలు గట్టిపడడానికి మందులు వాడుతున్న అమ్మలు ఆ చీటీ డాక్టరుకు తప్పకుండా చూపించాలి.

ఇక పెళ్ళి విషయం. చిత్తూరు నుంచో పలమనేరు నుంచో సంబంధం కుదిరాక, మూడు నెలల్లో పళ్ళు సరి చేయమని పరుగెత్తడం మనలో ఉంది. మా ఎరుకలో ఒక అమ్మాయికి అలా తొందరలో ఆరు మంచి పళ్ళను అరగదీసి, వేరువైద్యం చేసి తొడుగులు వేశారు. ఫోటోల్లో బాగానే పడింది. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు, తొడుగు శాశ్వతం కాదు, జీవితంలో రెండు మూడుసార్లు మార్చవలసి రావచ్చు. ఇరవై మూడేళ్ళ పిల్లకు ఆ భారం ఎందుకు? పెళ్ళిలో క్లిప్పు కనబడితే ఏమైంది? మేము ఆ అమ్మాయి తండ్రితో ఈ మాట అప్పుడే అనలేకపోయాం.

ఖర్చు విషయానికొస్తే, మన వైపు ప్రైవేటులో మామూలు లోహపు క్లిప్పుకు ముప్ఫై, నలభై వేల మాట వింటున్నాం. కనబడని ప్లాస్టిక్ తొడుగులైతే చాలాసార్లు లక్ష దాటుతుంది. సాధారణ ఆరోగ్య బీమాలు ప్రమాదాల్లో తప్ప పళ్ళకు డబ్బు ఇవ్వడం అరుదు. డబ్బంతా ఒకేసారి కట్టకుండా నెలవారీగా కట్టే ఏర్పాటు అడగండి, రసీదు దాచుకోండి. నోరు చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా పోస్టులో తొడుగులు పంపేవాళ్ళ జోలికి పోకండి. బి.డి.ఎస్. తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో ఎం.డి.ఎస్. చేసినవారే ఈ పనిలో నిపుణులు. బోర్డు మీద ఆ మాట ఉందా, రాష్ట్ర దంతవైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందా చూసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

వేలూరులో సి.ఎం.సి.లో దంత విభాగం ఉంది. అక్కడ తెలుగు రోగులు ఎప్పుడూ ఉంటారు కాబట్టి భాష ఇబ్బంది పెద్దగా ఉండదు. ఖర్చు తగ్గాలంటే చెన్నైలో 1953 నుంచి నడుస్తున్న తమిళనాడు ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఫోర్ట్ స్టేషన్ ఎదురుగానే. గుడియాత్తం నుంచో కాట్పాడి నుంచో రైలెక్కి సెంట్రల్‌లో దిగితే అక్కడికి ఎంతో దూరం లేదు. నెలనెలా ఆ ప్రయాణం చేయగలరా అన్నది మాత్రం మొదటే లెక్క వేసుకోండి. పది, పన్నెండు తరగతుల పిల్లలైతే మార్చి పరీక్షలు కూడా ఆ లెక్కలో ఉండాలి. మొదటిసారి పోయేటప్పుడు పొద్దున్నే చేరేలా బయలుదేరండి. ఆధార్ కార్డు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు ఒక కవర్లో పెట్టుకోండి. బిడ్డకు ఇంట్లోనే పళ్ళు తోమించి, కడుపునిండా టిఫిను పెట్టి తీసుకుపోండి.