కప్పు కింది చొక్కా: ఆస్ట్రేలియా ఇంటికప్పుల లోపొర చరిత్ర

ఆస్ట్రేలియాలో పెంకుటింటి వాసాల మీద పెంకు పరిచే ముందు ఒక పలుచని పొరను చూరు నుంచి నడికొప్పు దాకా పరుస్తారు. దాని పేరు సార్కింగ్. పెంకు ఎక్కిన తరువాత ఆ పొర ఇంటివారి కంటికి మళ్ళీ కనిపించదు. ఇల్లు కొనేవారు పెంకు రంగు అడుగుతారు, గదుల కొలతలు అడుగుతారు. ఈ పొర ఉందో లేదో అడిగేవారు తక్కువ. కానీ గాలి, వాన, నిప్పు అనే మూడింటి ముందు ఆస్ట్రేలియా ఇళ్ళు ఎలా నిలిచాయి, ఎలా కూలాయి అన్న చరిత్రలో పై కప్పుకంటే ఈ లోపొరకూ, కప్పు అంచులకూ ఎక్కువ పాత్ర ఉంది. ఆ చరిత్రలో ముఖ్యమైన నియమాలు చాలావరకు మరణాల తరువాతే పుట్టాయి.

సార్క్ అంటే స్కాట్లండు భాషలో చొక్కా. అక్కడ పలకరాతి కప్పు వేసే ముందు వాసాల మీద చెక్కలు పరచి మేకులు కొట్టేవారు. ఇంటికి కప్పు అనే పైకోటు తొడిగే ముందు చొక్కా తొడగడమన్న మాట. తెలుగులోనూ ఇటువంటి ఊహే ఉంది. మనం ఇల్లు కప్పించామని మాత్రమే అనం. తాటాకు నేయించాం, పెంకు నేయించాం అంటాం. బట్టకూ కప్పుకూ ఒకే క్రియ. ఒక పోగు మీదకు ఇంకొక పోగు వచ్చినట్టు ఒక వరుస మీదకు ఇంకొక వరుస రావడమే కప్పు రహస్యం. నీరు పల్లమెరుగు, పైవరుస కిందివరుస మీదకు దిగినంతకాలం అది లోపలికి రాదు. గాలి ఆ నీటిని వెనక్కి, అంటే వాలుకు ఎదురుగా, తోసినప్పుడే చిక్కు మొదలవుతుంది.

సరుగుడు చెక్కలు, ముడతల రేకులు

1788లో సిడ్నీ తీరంలో దిగిన ఆంగ్లేయులకు కప్పు వెంటనే పెద్ద సమస్య అయింది. గడ్డికప్పులు కారాయి, అంటుకున్నాయి. వారికి దొరికిన మార్గం స్థానికమైన సరుగుడు జాతి చెట్టు. ఆంధ్ర కోస్తా ఇసుకనేలల్లో మనం పెంచే సరుగుడుకు అది దగ్గరి బంధువు. దాని మానును పలుచని పలకలుగా చీల్చి, స్త్రీ ఖైదీలు చెక్కిన చెక్కమేకులతో బిగించి కప్పులు వేశారు. ఆస్ట్రేలియా వలస నిర్మాణ చరిత్రలో చెక్కపలకల కప్పు అలా మొదలైంది.

ముడతల ఇనుపరేకుకు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో లండనులో పేటెంటు పొందాడు. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సొరెల్ ఇనుముకు జింకుపూత పద్ధతిని నమోదు చేశాడు. ఈ రెండూ కలిసిన రేకు తేలికైనది, ఓడలో దొంతరగా పట్టేది, కొద్ది వాసాల మీదే నిలిచేది. 1851లో బంగారం వేట మొదలై జనం వచ్చిపడిన దేశానికి అంతకంటే అనువైన కప్పు లేదు. చాలా ఇళ్ళలో పాత చెక్కపలకలను పీకకుండా వాటి మీదే రేకులు కొట్టారు. దానివల్ల ఎవరూ పథకం వేయకుండానే పాత కప్పు కొత్త కప్పుకు లోపొర అయింది. వేసవిలో వేడినీ, వానలో చప్పుడునూ తగ్గించింది.

కింద ఏమీ లేని రేకుకు ఇంకొక లక్షణం ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి రేకు తన వేడిని పైకి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. ఇంటిలోని తేమ దాని అడుగున నీటిచుక్కలుగా మారి వాన లేకుండానే కారుతుంది. ఈ చుక్కలను పట్టడానికీ, ఎండవేడిని తిప్పికొట్టడానికీ ఇరవయ్యో శతాబ్దంలో అల్యూమినియం రేకును కాగితానికి అతికించిన పొరలు వచ్చాయి. సిసలేషన్ అనే ఒక వ్యాపారనామం ఆస్ట్రేలియా పనివాళ్ళ నోట ఆ పొరలన్నిటికీ సామాన్యనామంగా మారింది.

మార్సెయ్ పెంకు, బెంగుళూరు పెంకు

నగరాల ఎర్రపెంకుల కథ మనకు ఇంకా దగ్గరిది. ఒకదానిలో ఒకటి పట్టుకునే గాడి పెంకును 1841లో ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో గిలార్డోని సోదరులు రూపొందించారు. ఆ తరహా పెంకు మార్సెయ్ రేవు పేరుతో ప్రపంచమంతా తిరిగింది. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకు కర్మాగారం పెట్టారు. అక్కడి నమూనాయే తెలుగునాట బెంగుళూరు పెంకు అయింది. 1892 ప్రాంతంలో వుండర్లిక్ సంస్థ మార్సెయ్ పెంకులను సిడ్నీకి దిగుమతి చేయడం మొదలుపెట్టింది; మొదటి ప్రపంచయుద్ధం దిగుమతులను ఆపాక స్థానిక తయారీ ఊపందుకుంది. గోదావరి జిల్లాల ఇంటికప్పూ సిడ్నీ పాత పేటల ఇంటికప్పూ ఒకే వంశానివి.

ఆ వంశలక్షణం కూడా ఒకటే. గాడి పెంకు వానను తప్పిస్తుంది గాని, గాలివానను పూర్తిగా ఆపదు. తెలుగునాట దీనికి మన పరిష్కారం ఏటేటా తొలకరికి ముందు పెంకు సర్దించుకోవడం. పెంకు కింద మిద్దె లేని ఇంట్లో ఎక్కడ కారుతున్నదో కింద కూర్చున్నవారికి కనిపించేది. బిందె పెట్టి, మర్నాడు పనివాణ్ణి పిలిచేవారు. ఆస్ట్రేలియా ఇంట్లో పెంకుకూ గదికీ మధ్య జిప్సం పలకల లోకప్పు ఉంటుంది. కారిన నీరు దాని మీద, దూది లాంటి ఉష్ణనిరోధకం మీద, విద్యుత్ తీగల మీద చేరుతుంది. మరక కనిపించేనాటికి లోపల చాలా చెడి ఉంటుంది. అక్కడ లోపొర అవసరం ఇందువల్ల పెరిగింది.

డార్విన్, 1974

1971 డిసెంబరు 24న ఆల్థియా తుఫాను టౌన్స్‌విల్ నగరంలో అనేక ఇళ్ళ కప్పులు లేపింది. అక్కడి జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయ ఇంజనీర్లు శిథిలాలను పరిశీలించారు. సరిగ్గా మూడేళ్ళకు, 1974 క్రిస్మస్ ముందురాత్రి, ట్రేసీ తుఫాను డార్విన్ మీద పడింది. అది విస్తీర్ణంలో చిన్నది. కాని విమానాశ్రయంలోని గాలిమాపకం చెడిపోయే ముందు గంటకు 217 కిలోమీటర్లు చూపింది. 60 మందికి పైగా మరణించారు. నగరంలోని భవనాల్లో సుమారు 70 శాతం నాశనమయ్యాయి. దాదాపు 47,000 మంది ఉన్న ఊరి నుంచి 35,000 మందికి పైగా జనాన్ని తరలించవలసి వచ్చింది.

ప్రభుత్వం నియమించగా జార్జ్ వాకర్ అనే ఇంజనీరు ఆ శిథిలాలను అధ్యయనం చేసి 1975లో నివేదిక ఇచ్చాడు. వైద్యులు శవపరీక్ష అనే మాటను ఏ అర్థంలో వాడతారో, ఆ నివేదిక ఇళ్ళకు అటువంటిది. మరణకారణం పెనుగాలి అని రాసి ఊరుకోలేదు. మొదట ఏ భాగం విఫలమైందో, దానివల్ల తరువాత ఏది పడిందో వరుస వెదికింది. వాలుకప్పు మీదుగా గాలి వెళ్ళేటప్పుడు కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. ఆ పీల్పు చూరు, నడికొప్పు, పక్క అంచుల దగ్గర అన్నిటికంటే ఎక్కువ. గాలి స్థిరంగా వీచదు. వేల సార్లు ఎగదన్ని వదులుతుంది. తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్టు, స్క్రూల చుట్టూ రేకు చీలికలు వారింది. స్క్రూ వాసానికే ఉండిపోయింది; రేకు దాని తలను దాటి ఊడిపోయింది. కిటికీ పగిలిన ఇంట్లో లోపలి గాలి కూడా కప్పును పైకి తోసింది. కప్పు పోగానే గోడల తలలను పట్టి ఉంచేది లేక గోడలు ఒరిగాయి.

అంతవరకు పెద్ద భవనాలకు ఇంజనీరింగు లెక్కలు ఉండేవి, మామూలు ఇంటికి అలవాటే ప్రమాణం. ట్రేసీ తరువాత ఇల్లు కూడా లెక్క ప్రకారం కట్టవలసిందయింది. డార్విన్ పునర్నిర్మాణ నియమావళి కప్పురేకును 10,000 సార్లు లాగి వదిలి పరీక్షించాలని కోరింది. స్క్రూ తల కింద వెడల్పయిన తుఫాను వాషర్లు, అంచుల దగ్గర ఒత్తుగా బిగింపు, కప్పు నుంచి పునాది దాకా తెగని ఇనుప బంధం వచ్చాయి. 1977లో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తుఫాను నిర్మాణ పరీక్షాకేంద్రం మొదలైంది.

అదే 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారని అధికారిక లెక్క. అక్కడ ప్రాణాలు తీసింది ప్రధానంగా సముద్రపు నీరు కనుక, తీరమంతా తుఫాను ఆశ్రయభవనాలు కట్టడం మన జవాబు అయింది. డార్విన్‌లో చంపింది గాలి, కూలిన ఇళ్ళు. అక్కడ జవాబు ప్రతి ఇంటి కప్పూ బిగించడం. 2011లో యాసీ తుఫాను క్వీన్స్‌లాండ్‌ను తాకినప్పుడు కొత్త నియమాల కింద కట్టిన ఇళ్ళు పాతవాటికంటే చాలా మెరుగ్గా నిలిచాయి. అయితే కప్పు ఎగరని ఇళ్ళలోకి కూడా అంచుల సందుల గుండా వాననీరు దూరింది. బిగింపు వేరు, నీటిని ఆపడం వేరు అని ఆ అనుభవం చెప్పింది.

నిప్పురవ్వ దూరే సందు

1944 జనవరిలో మెల్బోర్న్ శివారు బోమారిస్‌లో కార్చిచ్చుకు ఇళ్ళు కాలినప్పుడు బారో అనే పరిశోధకుడు వాటిని పరిశీలించి, చాలా ఇళ్ళు మంట నాలుకలు తాకి కాలలేదనీ, గాలిలో ఎగిరివచ్చిన నిప్పురవ్వలు సందుల్లో చేరి అంటించాయనీ రాశాడు. ఆ మాట దశాబ్దాలపాటు నియమం కాలేదు. 1983 ఫిబ్రవరి 16న, యాష్ వెన్స్‌డే నాడు, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలలో 75 మంది చనిపోయారు. తరువాత సీఎస్ఐఆర్ఓ పరిశోధకులు ఆట్వే ప్రాంతంలో వెయ్యికి పైగా ఇళ్ళను పరిశీలించి బారో చెప్పినదే మళ్ళీ కనుగొన్నారు. పెంకుల మధ్య సందులోంచి అటకలోకి చేరిన రవ్వ, మంటలు దాటిపోయిన గంటల తరువాత కూడా ఇంటిని లోపలి నుంచి కాల్చగలదు.

కార్చిచ్చు ప్రాంతాల నిర్మాణ ప్రమాణం ఏఎస్ 3959 మొదట 1991లో వెలువడింది. 2009 ఫిబ్రవరి 7న 173 మందిని బలిగొన్న అగ్నికాండ తరువాతి నెలల్లో దాని కట్టుదిట్టమైన కూర్పు వచ్చింది. దాని ప్రకారం ఆ ప్రాంతాల్లో పెంకుకప్పు మొత్తానికీ సులభంగా అంటుకోని సార్కింగ్ ఉండాలి, అది బద్దెల కింద ఆనుకుని ఉండాలి, నడికొప్పును కప్పాలి, చూరు దోనెల దాకా, కప్పు మడతల దాకా చాపాలి. 3 మిల్లీమీటర్లకు మించిన సందు మిగలకూడదు. బారో పరిశీలనకూ మొదటి ప్రమాణానికీ మధ్య నలభై ఏడేళ్ళు గడిచాయి. తెలిసిన విషయం నియమం కావడానికి పట్టిన ఈ కాలమే నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన భాగంగా కనిపిస్తుంది.

అంచు దగ్గర పని

1999 ఏప్రిల్ 14 సాయంత్రం సిడ్నీ తూర్పు పేటల మీద క్రికెట్ బంతులంతటి వడగళ్ళు పడ్డాయి. 20,000కు పైగా భవనాలు దెబ్బతిన్నాయి. బీమా సంస్థలు చెల్లించినది 170 కోట్ల డాలర్లు. పగిలిన పెంకుల మీద వారాల తరబడి టార్పాలిన్లు కప్పి ఉంచారు. వడగల్లు పెంకును పగలగొట్టగలదు; కింద చొక్కా చెక్కుచెదరకుండా ఉంటే ఆ రాత్రి వానను అది దోనెలోకి జార్చగలదు.

జార్చడం మాత్రం పరిచిన పద్ధతిని బట్టి ఉంటుంది. పొరను చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి; పైచుట్ట కిందిచుట్ట మీదకు కనీసం 150 మిల్లీమీటర్లు రావాలి. అంటే తాటాకు నేసే క్రమమే. అన్నిటికంటే కీలకం చివరి జానెడు. చూరు చెక్క వెనుక పొర ఊతం లేకుండా జారితే అక్కడ సంచిలా పొట్ట ఏర్పడి నీరు నిలుస్తుంది. పైన పడ్డ నీటినంతా పోగుచేసి గోడ మీదకు వదిలే పొర, అసలు పొర లేకపోవడంకంటే ఎక్కువ చెరుపు చేయగలదు. అందుకే వాలు 20 డిగ్రీలకు తక్కువైనా, చూరు బయటకు చాచి లేకపోయినా అక్కడ ఊతపలక పెట్టాలని జాతీయ నియమావళి చెబుతుంది. అదే నియమావళి వాలు ఎక్కువగా, వాసం పొడవు తక్కువగా ఉన్న కప్పుకు సార్కింగ్‌ను తప్పనిసరి చేయదు. ఉదాహరణకు వాలు 22 డిగ్రీలు దాటితే 6 మీటర్ల వాసం దాకా పొర లేకుండా పెంకు వేయవచ్చు. చట్టం అడగలేదు కనుక గుత్తేదారు వేయడు, ఇంటివారు అడగాలి.

చొక్కా చేసిన హాని

ఈ పొరలోనే అపాయమూ ఉంది. 2009లో ఆర్థికమాంద్యాన్ని ఎదుర్కోవడానికి కేంద్రప్రభుత్వం ఇళ్ళ అటకల్లో ఉష్ణనిరోధకం వేయించే పథకం పెట్టింది. తొందరలో, శిక్షణ లేకుండా పనిలో దించిన నలుగురు యువకులు చనిపోయారు. వారిలో ఒకరి వయసు 16. ముగ్గురిది విద్యుద్ఘాతం, ఒకరిది వడదెబ్బ. విద్యుద్ఘాతాల్లో రెండు అల్యూమినియం పొర వేసే ఇళ్ళలో జరిగాయి. విద్యుత్ తీగలోకి ఇనుప పిన్ను దిగితే పరిచిన పొర అంతా విద్యుత్ వాహకమవుతుంది. 2010 ఫిబ్రవరిలో పథకాన్ని ఆపారు; 2014లో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది.

రెండవ హాని నెమ్మదైనది. ఆవిరిని ఏమాత్రం వదలని పొరను చలి ప్రాంతపు ఇంటికి తొడిగితే, వంటగది, స్నానాలగది, మన ఊపిరి వదిలే తేమ దాని అడుగున నీరై బూజుకు తావిస్తుంది. తేమ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం ఎక్కువన్నది వైద్యులకు తెలిసిన విషయమే. మెల్బోర్న్, కాన్‌బెరా, హోబార్ట్ వంటి చల్లని మండలాలలో బయటి గోడలకు వేసే పొర ఆవిరిని బయటకు పోనిచ్చేదిగా ఉండాలని 2019 నియమావళి మొదటిసారిగా చెప్పింది. చొక్కా నీటిని ఆపాలి, చెమటను వదలాలి. నేతబట్ట గురించి మనకు ఎప్పుడో తెలిసిన విషయమే ఇది.

ఆస్ట్రేలియాలో కొత్త ఇల్లు కట్టించుకుంటున్న మనవారికి ఈ చరిత్ర నుంచి తేలే ఆచరణ ఒక్కటే. పొర పరచి, బద్దెలు కొట్టి, పెంకు ఇంకా ఎక్కని రోజులు కొద్దిగానే ఉంటాయి. ఆ రోజుల్లో స్వతంత్ర తనిఖీదారును పిలిచి, చూరు దగ్గర పొర దోనెలోకి దిగిందా, మడతల్లో చిరుగులు ఉన్నాయా, అంచుల బిగింపు ఒత్తుగా ఉందా అని చూపించుకుని, ఫోటోలు తీయించుకోవాలి. పెంకు ఎక్కాక ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేది తరువాత వచ్చే గాలివాన మాత్రమే.