డెట్రాయిట్ అడ్రినలిన్, భీమవరం సుబ్బారావుగారు, గుండె కణంలో గదులు

ట్రాయ్ నుంచి ఐ-75 మీద కిందికి వెళ్తే అరగంటలో డెట్రాయిట్ నది ఒడ్డు. అక్కడ ఒకప్పుడు పార్క్-డేవిస్ అనే పెద్ద మందుల కంపెనీ ఉండేది. 1902లో కట్టిన వాళ్ల పరిశోధనశాల భవనం ఇప్పటికీ ఉంది. 1900లో జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినే, ఆయన సహాయకుడు కెయిజో ఉయెనాకా కలిసి పశువుల గ్రంథుల నుంచి ఒక హార్మోనుని స్ఫటికాలుగా తీశారు. దాన్ని అడ్రినలిన్ పేరుతో అమ్మింది ఈ డెట్రాయిట్ కంపెనీయే. భయమేసినప్పుడు గుండె దడదడలాడించేది అదే.

అయితే అడ్రినలిన్ కణం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపలికి వెళ్లదు. మరి లోపలికి కబురు మోసేది ఎవరు? దీనికి జవాబు దొరికిన ఊరు కూడా మనకి దగ్గరే, మూడు గంటల డ్రైవులో ఉన్న క్లీవ్‌లాండ్. అక్కడ ఎర్ల్ సదర్లాండ్, థియోడర్ రాల్ 1950ల చివర్లో కాలేయం మీద పనిచేస్తూ సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువుని పట్టుకున్నారు. హార్మోను మొదటి దూత అయితే ఇది రెండో దూత. దీనికి సదర్లాండ్‌కి 1971లో నోబెల్ వచ్చింది.

ఆ రెండో దూతని కణం దేనితో తయారుచేస్తుందో తెలుసా? ఏటీపీతో. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. సుబ్బారావుగారికి హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, నోబెల్ రాలేదు. భార్య శేషగిరిగారు ఇండియాలోనే ఉండిపోయారు. ఆయన తిరిగి వెళ్లకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

కథ అక్కడితో అయిపోలేదు. సైక్లిక్ ఏఎంపీ పెరిగితే గుండె కండరం గట్టిగా కొట్టుకుంటుంది. అదే రక్తనాళం గోడలోని కండరంలో పెరిగితే నాళం వదులవుతుంది. సరే, అవి వేరువేరు కణాలు అనుకుందాం. కానీ 1979 ప్రాంతంలో లారెన్స్ బ్రంటన్ బృందం జంతువుల గుండెల్లో ఇంకో వింత చూసింది. అడ్రినలిన్ లాంటి మందు ఇచ్చినా, ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చినా సైక్లిక్ ఏఎంపీ పెరిగింది. గుండె గట్టిగా కొట్టుకున్నది మాత్రం మొదటిదానికే! అంటే ఎంత పెరిగింది అన్నదొక్కటే కాదు, కణంలో ఎక్కడ పెరిగింది అన్నది కూడా ముఖ్యమే. 2002లో మాన్యుయేలా జక్కోలో, తుల్లియో పొజ్జాన్ మెరిసే ప్రోటీన్లతో దీన్ని గుండె కణంలో కళ్లారా చూపించారు. ఫాస్ఫోడయెస్టరేజ్ అనే ఎంజైములు సైక్లిక్ ఏఎంపీని ఎక్కడికక్కడ విరగ్గొడుతూ, కనపడని గదుల గోడల్లా పనిచేస్తాయి.

పెళ్లింట్లో వంటవాళ్లకి చెవిలో చెప్పాల్సిన మాట మైకులో చెప్తే ఏమవుతుంది? పందిరంతా లేచి నిలబడుతుంది. గుండె వైద్యంలో దాదాపు అదే జరిగింది. గుండె బలహీనపడ్డవాళ్లకి మిల్రినోన్ మాత్రలిచ్చారు. అది ఆ ఎంజైముల్లో ఒకదాన్ని ఆపి సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. గుండె గట్టిగా కొట్టుకుంటే మంచిదేగా అనుకున్నారు. 1,088 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది: మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువ. ఇప్పుడు ఆ మందుని ఆసుపత్రిలో, ఎక్కువగా కొద్దికాలానికే, నరం ద్వారా ఇస్తున్నారు.

దానికి పూర్తిగా ఎదురు దారి బీటా బ్లాకర్లు. ఇవి అడ్రినలిన్‌ని గుమ్మం దగ్గరే ఆపుతాయి. బలహీన గుండెకి ఇవి ఇస్తే ప్రమాదమని డాక్టర్లు చాలాకాలం భయపడ్డారు. 1975లో స్వీడన్ డాక్టర్లు ధైర్యం చేసి కొద్దిమందికి ఇచ్చి చూశారు. 1999లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయి. కొరడా కొట్టడం కన్నా కాస్త ఊపిరి తీసుకోనివ్వడమే ఆ గుండెలకి మేలు చేసింది.

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల, అత్తమామల మందుల సంచీలో మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి పేర్లు మనలో చాలామంది చూసే ఉంటారు. "నాడి నెమ్మదిగా ఉంది, నీరసంగా ఉంది" అని వాళ్లు సొంతంగా ఆపేస్తామంటే ఒప్పుకోకండి. ఉన్నట్టుండి మానేస్తే గుండెపోటు కూడా రావచ్చు. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. వాళ్లు ఉండే నెలలకి సరిపడా మాత్రలు ఉన్నాయో లేదో మొదటి వారంలోనే లెక్కపెట్టండి.