పంటివేరులో ముగ్గురాయి

కెనాలు అనగానే కర్నూలు, కడపల వారికి కె.సి. కెనాలు స్ఫురించును. దంతవైద్యుడు చెప్పు ‘రూట్ కెనాలు’ కూడ కాలువయే, మిక్కిలి సన్నమైనది. ఊట బాధ రెంటికిని ఉన్నది.

పంటి నడుమనున్న గుజ్జు కుళ్ళినప్పుడు దానిని తీసి, కాలువను శుభ్రపరచి పూడ్చవలెను. 1867లో అమెరికా వైద్యుడు బౌమన్ ఇందుకు గట్టాపెర్చాను వాడెను. మలయా చెట్ల పాలనుండి వచ్చు ఈ పదార్థమునే ఆ రోజులలో సముద్రములో వేయు తంతి తీగలకు నీరు తగులకుండ తొడిగేవారు. అది నీటిని రానీయదు గాని పంటిగోడకు అంటుకొనదు. నడుమ మిగిలిన సందును మూయుటకే ‘సీలరు’ వచ్చినది.

1931లో రికర్ట్ చేసిన సీలరులో వెండిపొడి ఉండెడిది; దానివలన పన్ను నల్లబడెను. 1958లో గ్రాస్‌మన్ మరియొక పాకము ప్రకటించెను. జింకు ఆక్సైడు 42 పాళ్ళు, రోజనము 27, బిస్మత్ సబ్‌కార్బొనేటు 15, బేరియం సల్ఫేటు 15, వెలిగారము 1. ఈ పొడిని లవంగనూనెలో ఉండు యూజినాల్‌తో కలుపవలెను. బేరియం సల్ఫేటు అనగా మన ముగ్గురాయిలోని పదార్థమే! పూర్వపు కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపము ప్రపంచములోని మిక్కిలి పెద్దవాటిలో ఒకటి. ఇది ఊటను ఆపుటకు వేసినది కాదు. ఎక్స్ కిరణములను అడ్డగించును గనుక, సీలరు ఎంతవరకు దిగినదో ఫొటోలో కనబడును.

ఫొటోలో కనబడని ఊటను ఎట్లు కొలుచుట? ఊడదీసిన దంతములను పూడ్చి, రంగునీటిలో ముంచి, నిలువున కోసి, రంగు ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకెనో చూచిరి. ఒకే సీలరుకు ఒక్కొక్కచోట ఒక్కొక్క ఫలితము వచ్చెను. సందులో చిక్కిన గాలి రంగును అడ్డుకొనుట దీనికి ఒక కారణము. పైకొనను వ్రేలితో మూసిన గాజుగొట్టమును సిరానీటిలో ముంచి విద్యార్థులకు చూపుడు. నీరు పైకి ఎక్కదు. అంతమాత్రాన గొట్టము పూడినదందుమా? 1993లో హాలెండులో వూ, వెసెలింక్ అనువారు ఈ పరీక్షలనే ప్రశ్నించిరి.

ఇక నోటిలోని దంతముల సంగతి. 1995లో రే, ట్రోప్ 1010 దంతముల ఫొటోలు పరిశీలించి, వేరులోని పూడికకంటె పైపూడికయే ముఖ్యమనిరి. 2000లో నార్వేకు చెందిన ట్రోన్‌స్టాడ్ బృందము వేరు పూడికకే పెద్దపీట వేసెను. రెండు పూడికలును బాగున్న దంతములలోనే వేరు చివర వాపు తక్కువని ఉభయుల లెక్కలును చూపినవి.

ఇటీవలి సీలర్లు కొన్ని ఎర్రగుంట్ల సిమెంటులో ఉండు కాల్షియం సిలికేటు జాతివే. తడి తగిలి గట్టిపడును.

నొప్పి తగ్గగానే పైతొడుగు సంగతి మరచువారు మన ఊళ్ళలో కలరు. 1987లో స్వాన్సన్, మాడిసన్ పైపూడిక లేని దంతములను కృత్రిమ లాలాజలములో ఉంచి చూచిరి. అదియు రంగు పరీక్షయే గాని, 3 దినములు మాత్రమే ఉంచిన వాటిలో కూడ రంగు వేరు పొడవున ముప్పాతిక భాగము దాటిపోయినది.