మొదటి డికాక్షన్, రెండో డికాక్షన్: తెలుగింటి కాఫీ అలవాటు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కాఫీ తాగడం వ్యక్తిగతమైన అలవాటుగా కనిపిస్తుంది. ఎవరి చిక్కదనం వారిది, ఎవరి తీపి వారిది. కాని తెలుగింట్లో ఒకే పొడి నుంచి తీసిన మొదటి డికాక్షన్ ఎవరికి, రెండోది ఎవరికి అన్న ప్రశ్నకు చాలాకాలం స్థిరమైన సమాధానం ఉండేది. ఈ పంపకం వెనుక ఉన్న చరిత్రను భాష, పాత్ర, హోటలు, చట్టం, సాగు అనే ఐదు ఆధారాల నుంచి పరిశీలించి, ‘రుచి’ అని మనం పిలిచేదానిలో సామాజికమైన వరుసక్రమం ఎంత ఉందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాఫీ, డికాక్షన్, ఫిల్టరు, చికోరీ, కాఫీ హోటలు, అరకు, ఆహారచరిత్ర.

1. ప్రవేశిక

కృష్ణాజిల్లాలోని మా ఇంట్లో రోజూ తెల్లవారుజామున ఇత్తడి ఫిల్టరులో పొడి వేసేది మా నాయనమ్మ. మొదట దిగిన చిక్కని డికాక్షన్ తాతయ్యకు, ఇంటికి వచ్చిన పెద్దలకు. అదే పొడిమీద మళ్లీ నీళ్లు పోస్తే దిగేది కోడళ్లకు, పిల్లలకు. అందరూ తాగాక అడుగున మిగిలినది ఆమెకు. పెరట్లో పనిచేసే మనిషికి కూడా ఆ రెండోదే. ఆమె గ్లాసు గోడగూట్లో వేరుగా ఉండేది.

నాయనమ్మ చివరి రోజుల్లో ఒకసారి నేను మొదటి డికాక్షన్‌తో కాఫీ కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి, “ఇంత చిక్కగా కలిపావేమిటే, నాకు అలవాటు లేదు, కాసిని వేణ్ణీళ్లు పొయ్యి” అన్నది. అరవై ఏళ్లు తన చేత్తో తీసిన మొదటి డికాక్షన్ రుచి ఆమె నాలుకకు తెలియదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ మాటే. ‘అలవాటు’ అనే పదం ఇష్టాన్ని చెబుతుందా, ఇష్టపడే అవకాశం లేకపోవడాన్ని చెబుతుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. పదాల సాక్ష్యం

అరబ్బీ ‘ఖహ్వా’ తుర్కీలో ‘కహ్వే’గా, డచ్చిలో ‘కోఫీ’గా మారి, ఇంగ్లీషు ద్వారా తెలుగుకు ‘కాఫీ’గా చేరింది. అచ్చతెలుగు పదాల్లో ఫకారం లేదు కనుక పాతతరం నోట ఇది ‘కాపీ’ అయింది. ‘డికాక్షన్’ అన్న మాట మరింత ఆసక్తికరమైనది. దాని లాటిన్ మూలానికి ‘మరిగించి ఇగిర్చడం’ అని అర్థం. ఆయుర్వేదంలో నీటిని నాలుగోవంతుకు ఇగిర్చి తీసే కషాయానికి ఇది సరైన పేరు. కాని ఫిల్టరులో పొడిని మరిగించరు. మరిగిన నీరు పొడిగుండా కిందికి దిగుతుంది, అంతే. పేరుకూ పనికీ పొత్తు కుదరడం లేదు. ఫిల్టరుకు ముందు పొడిని నీళ్లలో కాచి గుడ్డతో వడకట్టిన పద్ధతికి ఈ పేరు ఏర్పడి, పాత్ర మారినా మాట నిలిచిపోయిందని ఊహించవచ్చు.

క్రియాపదాలు ఇంకొక విషయం చెబుతాయి. తెలుగులో కాఫీ ‘పెడతారు’. అతిథికి కాఫీ ‘ఇస్తారు’. పనివారికి కాఫీ ‘పోస్తారు’. ‘కాసిని కాఫీనీళ్లు పొయ్యమ్మా’ అని అడిగేవారు ఎవరో, ‘కాఫీ తీసుకోండి’ అనిపించుకొనేవారు ఎవరో చెప్పనక్కరలేదు. పానీయం ఒకటే అయినా క్రియ మారుతున్నది. మొదటి, రెండో డికాక్షన్ల తేడా గ్లాసులోకి రాకముందే వాక్యంలోకి వచ్చింది.

3. కాఫీ రాక

యెమెన్‌లోని మోఖా రేవు నుంచి బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దిలో ఏడు గింజలు తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని ఐతిహ్యం. ఆ కొండలకు ఆయన పేరే నిలిచింది. తోటలు విస్తారంగా పెరిగింది 19వ శతాబ్దిలో, బ్రిటిషు పెట్టుబడితో. మైసూరు, కొడగు, వయనాడు, నీలగిరి ప్రాంతాలు దీనికి కేంద్రాలు. ఆ పంట మొదట ఎగుమతి సరుకే కాని ఇంటి సరుకు కాదు.

కాఫీ రాక ముందు తెలుగింట్లో ఉదయం అంటే చద్దన్నం, మజ్జిగ, తరవాణి, అంబలి. వీటిని కాఫీ పక్కకు నెట్టిన తీరును తమిళ మధ్యతరగతి విషయంలో ఎ.ఆర్. వేంకటాచలపతి విపులంగా చర్చించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు పాలనలోనివే. చదువుకు, వకాలతుకు, గుమాస్తా ఉద్యోగానికి మద్రాసు వెళ్లిన తెలుగువారు అక్కడి అలవాటును ఇంటికి తెచ్చుకోవడం సహజం. నిజాం పాలనలోని తెలంగాణలో ఇరానీ హోటళ్ల ద్వారా చాయ్ వేళ్లూనుకొన్నది. ఈనాటికీ కోస్తాలో కాఫీ, తెలంగాణలో చాయ్ అని స్థూలంగా చెప్పుకొనే తేడా నాలుకలది మాత్రమే కాదు, రెండు పాలనలది కూడా.

4. పాత్ర పనితీరు

ఫిల్టరు రెండు గిన్నెల పాత్ర. పైగిన్నె అడుగున సన్నని రంధ్రాలుంటాయి. అందులో పొడి వేసి, కాడ ఉన్న బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెడతారు. కింది గిన్నెలోకి డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతుంది. ఇత్తడి స్థానంలో స్టీలు వచ్చినా నిర్మాణం మారలేదు.

వేయించిన కాఫీ గింజ బరువులో నీటికి కరిగేది సుమారు 30 శాతం. రుచి బాగుండాలంటే 18 నుంచి 22 శాతం వరకే దిగాలని కాఫీ శాస్త్రజ్ఞుల అంచనా. సువాసన, పులుపు, కెఫీన్ ముందుగా దిగుతాయి. తరువాత దిగేవాటిలో చేదు ఎక్కువ. కనుక రెండో డికాక్షన్ మొదటిదానికి పలుచని రూపం కాదు, వేరే రుచి. వాసన తక్కువ, చేదు ఎక్కువ. ఇంట్లో ఎవరికి ఏది అన్న నిర్ణయం కేవలం పరిమాణాన్ని కాక గుణాన్నే పంచుతున్నది.

ఇతర దేశాల పద్ధతులతో పోల్చితే ఈ విషయం స్పష్టమవుతుంది. ఇటలీలో లుయీజీ బెజెరా 1901లో మెరుగుపరచిన ఎస్ప్రెస్సో యంత్రం ఏ కప్పుకు ఆ కప్పు పొడి వాడుతుంది. జర్మనీలో డ్రెస్డెన్ నగర గృహిణి మెలిట్టా బెంట్స్ 1908లో హక్కు పొందిన కాగితపు వడపోతలో ఒకసారి వాడిన పొడిని కాగితంతో సహా పారవేస్తారు. ఫిల్టరులో మాత్రం పొడి అక్కడే ఉంటుంది, మళ్లీ నీళ్లు పోయమని పిలుస్తున్నట్టు. ఖరీదైన పొడిని వృథా చేయని పొదుపు అందులో ఉంది. ఆ పొదుపు భారం ఎవరిమీద పడాలన్నది మాత్రం పాత్ర నిర్ణయించలేదు, ఇల్లు నిర్ణయించింది.

5. హోటలు గ్లాసు

ఇంటి వరుస వీధిలో మరింత కరుకుగా కనిపించింది. మద్రాసు రాష్ట్రపు పట్టణాల్లో ‘బ్రాహ్మణ కాఫీ హోటలు’ అన్న బోర్డులు సాధారణం. కొన్నింటిలో కులాన్నిబట్టి వేరు గదులు, వేరు వరుసలు ఉండేవి. దళితులకు ప్రవేశమే లేని చోట్లు అనేకం. డబ్బు చెల్లించినా బయట నిలబడి, వేరు గ్లాసులో తాగి, దానిని తామే కడిగి పెట్టవలసి వచ్చేది. ‘రెండు గ్లాసుల పద్ధతి’ అని తెలుగు గ్రామాల్లో పేరుపడ్డది ఇదే.

రాజ్యాంగం 17వ అధికరణ అస్పృశ్యతను రద్దు చేసింది. 15వ అధికరణ హోటళ్లలో ప్రవేశానికి కులాన్ని అడ్డుగా పెట్టరాదన్నది. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం మరొక అడుగు వేసి, హోటళ్లలో అందరికోసం ఉంచిన పాత్రలను వాడనివ్వకపోవడాన్ని కూడా శిక్షార్హం చేసింది. దేశపు శాసనంలో గ్లాసు గురించి ప్రత్యేకంగా రాయవలసి వచ్చిందంటే ఆ గ్లాసు ఎంత బరువైనదో తెలుస్తుంది. 1976 సవరణతో ఆ చట్టం పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. ఆ తరువాత కూడా పల్లె హోటళ్లలో వేరు గ్లాసు వెంటనే మాయం కాలేదు. ఇంటి పెరటి గూట్లోని గ్లాసు మీదికి ఏ చట్టమూ రాలేదు.

6. కొరత, చికోరీ

రెండో ప్రపంచయుద్ధం ఐరోపా విపణిని మూసివేయడంతో భారతీయ కాఫీ తోటలు సంక్షోభంలో పడ్డాయి. 1942 కాఫీ చట్టం కింద రైతులు పంటను బోర్డుకు అప్పగించే ఏర్పాటు స్థిరపడి, 1990ల మధ్యవరకు సాగింది. దేశంలోనే తాగేవారిని పెంచే ప్రయత్నం అంతకుముందే మొదలైంది. 1936లో బొంబాయిలో తెరిచిన కాఫీ హౌస్ అందులో భాగం. 1950లలో బోర్డు వాటిని మూసివేయబూనినప్పుడు, ఎ.కె. గోపాలన్ చొరవతో 1957 నుంచి కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి నడుపుకొన్నారు. కాఫీ చట్టం వచ్చిన 1942లోనే గాంధీజీ నిర్బంధంలో ఆరోగ్యంపై పుస్తకం రాస్తూ టీ, కాఫీ, కోకో శరీరానికి అవసరం లేదని తేల్చారు. ఒకవైపు ప్రభుత్వం తాగమన్నది, మరొకవైపు మహాత్ముడు వద్దన్నాడు. మధ్యతరగతి తాగడానికే మొగ్గింది.

పొడి ఖరీదును తట్టుకోవడానికి తోడైనది చికోరీ. ఇది ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడిచేస్తారు. కెఫీన్ ఉండదు, రంగు, చిక్కదనం మాత్రం ఇస్తుంది. నెపోలియన్ 1806లో విధించిన దిగ్బంధం వల్ల కాఫీ కొరత ఏర్పడిన ఫ్రాన్సులో దీని వాడకం బాగా పెరిగింది. మన ఆహార నిబంధనల ప్రకారం మిశ్రమంలో చికోరీ 49 శాతం మించరాదు. రెండో డికాక్షన్‌కు మొదటిదాని రంగు తెచ్చిపెట్టేది చికోరీయే. చూపుకు సమానం, రుచికి కాదు.

7. మన్యం వాటా

ఈ చరిత్రలో తాగినవారి వరుసతోపాటు పండించినవారి వరుస కూడా ఉంది. తూర్పుకనుమల్లోని పాములేరు లోయలో 1898లో బ్రోడీ అనే బ్రిటిషు అధికారి కాఫీ నాటించాడు. తరువాత అనంతగిరి, పాడేరు, చింతపల్లి, అరకు ప్రాంతాలకు సాగు విస్తరించింది. పోడుకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వసంస్థలు దీనిని ప్రోత్సహించాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగలతో కలిపి ఆదివాసులు కాఫీ పెంచుతున్నారు. ఎర్రగా పండిన పండ్లనే ఏరి, తొక్క తీసి, కడిగి, ఆరబెట్టడం ఓపికతో కూడిన పని.

2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో దుకాణం వెలిసింది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. మైదానపు తెలుగిళ్లలో అరకు పేరు విరివిగా వినిపిస్తున్నది ఇటీవలి దశాబ్దాల్లోనే. మన కొండల్లో మనవారే పండించిన గింజను మనం ఇంత ఆలస్యంగా పేరుపెట్టి పిలవడం కూడా వరుసక్రమంలో భాగమే.

8. ముగింపు

1938లో స్విట్జర్లాండులో నెస్కఫే వచ్చాక, ఆ తరహా పొడులు మన ఇళ్లలోనూ క్రమంగా స్థిరపడ్డాయి. గుంటూరుజిల్లా దుగ్గిరాల నుంచి ఇప్పుడు ఇన్‌స్టంట్ కాఫీ ఎగుమతి అవుతున్నది. ఫిల్టరు అభిమానులు దానిని చిన్నచూపు చూడడం వాస్తవమే. కాని అందులో రెండో డికాక్షన్ లేదు. చెంచాడు పొడి ఎవరి కప్పులో వేసినా ఒకటే రుచి. కోడలు ముందు తాగినా, మామగారు ముందు తాగినా తేడా రాదు. రుచిలో నష్టమని మనం భావించేదానిలో సమానత్వం కొంత ఉన్నదని గుర్తించాలి.

అంతమాత్రాన ఫిల్టరును దోషిగా నిలబెట్టడం సరికాదు. పొడిని రెండుసార్లు వాడుకోవడం పొదుపు. ఆ రెండింటినీ మనుషుల అంతస్తులకు జోడించడం ఆచారం. ఈ రెండు వేరని చూపడానికే ఈ వ్యాసం ప్రయత్నించింది. పదం, పాత్ర, గ్లాసు, చట్టం, తోట - ఏ వైపు నుంచి చూసినా వరుస పంపకంలో ఉంది, పానీయంలో లేదు.

నేను నేటికీ ఫిల్టరు కాఫీయే తాగుతాను. నాయనమ్మ ఇత్తడి ఫిల్టరు మా వంటింట్లోనే ఉంది. రెండుసార్లూ నీళ్లు పోస్తాను. అయితే రెండు డికాక్షన్లను ఒకే గిన్నెలో కలిపిన తరువాతనే పాలు పోస్తాను. మొదటిదానంత చిక్కగా ఉండదు, రెండోదానంత చేదుగా ఉండదు. ఇంట్లో అందరికీ, పనికి వచ్చే ఆమెకు కూడా, అదే కాఫీ, అవే గ్లాసులు. నాయనమ్మకు ఈ కాఫీ ఒక్కసారైనా ఇవ్వలేకపోయానన్నది మాత్రం మిగిలిపోయింది.